అద్దం దించే పిడి

ఫెజ్ నుంచి మెక్నెస్ అరవై కిలోమీటర్లు.
పటం మీద నా బొటనవేలంత.
"దగ్గరే కదా" అన్నారు అందరూ.
అన్నవాళ్లందరికీ కార్లున్నాయి.

రైలుంది.
స్టేషన్‌కి ఈ చివరో టాక్సీ, ఆ చివరో టాక్సీ,
టికెట్ కన్నా తోకలే బరువు.
బస్సుంది.
ఎప్పుడు కదులుతుందని డ్రైవర్ని అడిగితే
అతను నన్నే అడిగాడు.

మిగిలింది పెద్ద టాక్సీ.
నాకంటే వయసులో పెద్దదైన మెర్సిడెస్,
ముందు ఇద్దరు, వెనక నలుగురు,
డ్రైవర్ లెక్కలోకి రాడు.
ఆరుగురు నిండితేనే చక్రం తిరుగుతుంది.
దాని గడియారానికి ముళ్లు మనుషులే.

మొదటి శుక్రవారం నేను నాలుగోదాన్ని.
కొనాక్రీ నుంచి వచ్చి పదకొండు రోజులు.
వారమంతా ఇక్కడ నర్సింగు చదువు,
శనాదివారాలు అక్కడ సిల్లా అక్క కొట్లో జడలల్లే పని.
సంచిలో దువ్వెనలు, నల్లటి నైలాను జుట్టు కట్టలు.
లర్బి అరుస్తున్నాడు, జనాన్ని పోగేయడమే అతని కొలువు:
"మెక్నెస్! మెక్నెస్! ఇద్దరు! ఇద్దరే!"
గంటసేపు ఆ ఇద్దరూ ఎక్కడా పుట్టలేదు.

చివరికి బ్రీఫ్‌కేసు పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చి
ముందు సీట్లు రెండూ తానొక్కడే తీసుకున్నాడు.
డబ్బిచ్చి ఖాళీని కొనుక్కోవడం
అదే మొదటిసారి చూడ్డం.
కాళ్లు చాపుకుని అతను,
వెనక ఒకరి ఊపిరి ఒకరం పంచుకుంటూ మేం.

జూన్ ఎండ. కిటికీ పక్కన నేనే.
అద్దం దించుదామని తలుపంతా తడిమాను.
పిడి ఉండాల్సిన చోట ఒక ఇనప మొలక, అంతే.
విరిగిపోయిందనుకున్నా.
కొత్తగా వచ్చినవాళ్లం కదా,
పాడైనవే మన వాటాకి వస్తాయనుకుంటాం.

ఐదు శుక్రవారాలు అలాగే ఉడికాను.
ఈలోపు కొన్ని తెలిశాయి.
నలుగురు పట్టాలంటే ఒకరు ముందుకి జరగాలి, ఒకరు వెనక్కి వాలాలి.
ధర అడిగితే ధర పెరుగుతుంది,
అందుకే ఇరవై దిర్హాములు ముందే చేతిలో నలుపుకుంటూ
ఈ ఊళ్లో పుట్టినదానిలా ముఖం పెట్టాలి.
పక్కవాళ్లు భుజం మీద నిద్రపోతే
సబా అయ్యూన్ దాటేదాకా కదిలించకూడదు.

ఆరో వారం
ఒళ్లో పుదీనా మోపుతో ఒక ముసలావిడ.
నా మెడ మీద కారే చెమట చూసింది,
ఇనప మొలక చూసింది,
డ్రైవర్ భుజం మీద రెండు దెబ్బలు వేసింది.
"సి బూషైబ్! మనివెల్!"

అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే
డాష్‌బోర్డు అర తెరిచి
ఒక పిడి తీసి వెనక్కి అందించాడు.
కారు మొత్తానికి ఒకటే పిడి.
చేతులు మారి మారి వచ్చింది,
ఎవరెవరి అరచేతుల వేడితోనో.
మొలకకు తగిలించి తిప్పాను.
ఆలివ్ తోటలు, కాలుతున్న గడ్డి, దుమ్ము,
అన్నీ ఒక్కసారే ముఖం మీద పడ్డాయి.

మనివెల్.
ఆ మాట నాకు తెలుసు.
మా కొనాక్రీలోనూ అదే అంటారు.
అడగవచ్చని మాత్రం తెలియలేదు.
ముసలావిడ పక్కన పగలబడి నవ్వాను,
ఆవిడకి నా సంగతి ఏమర్థమైందో
పుదీనా రెమ్మ ఒకటి తెంపి ఇచ్చింది.

ఇప్పుడు దూరం నుంచి నన్ను చూడగానే
లర్బి లెక్క తగ్గిస్తాడు:
"ఇద్దరు" అంటున్నవాడు "ఒక్కరే!" అంటాడు,
నేనింకా రోడ్డు దాటకుండానే.

నిన్న నా పక్కన ఒక కుర్రాడు,
తాడు కట్టిన సూట్‌కేసు, పాలిపోయిన ముఖం,
తలుపంతా తడుముతున్నాడు.
చెప్పబోయి ఆగాను.
జనవరి. బయట ఎముకలు కొరికే చలి,
అందరూ శాలువాల్లోకి ముడుచుకుని ఉన్నారు.
అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముందుకు వంగి బూషైబ్ భుజం తట్టాను.
రెండు వేళ్ల సందు, అంతే దించాం.
వెనక నుంచి ఎవరో గట్టిగా విసుక్కున్నారు.